నీలం తర్వాత నారింజ

బడి హాలు, పొద్దున్న. గోడల చుట్టూ రంగురంగుల కాగితపు గొలుసు. నిచ్చెన మీద డ్రాయింగ్ మాస్టారు, కింద లెక్కల టీచర్.

“కాదండీ, తప్పుందంటే ఉంది. దిగకండి.”

“ఉండదు టీచర్. ఈసారి ఉండనే ఉండదు.”

“ప్రతి ఏడూ ఇదే మాట, ప్రతి ఏడూ ఒక తప్పు. పోయినేడు అయిదు ఉండాల్సిన చోట నాలుగు పెట్టారు. అంతకుముందేడు ఏకంగా ఒక తొమ్మిదిని మింగేశారు.”

“పోయినేటి సంగతి ఇప్పుడెందుకు? ఈసారి ఒక్కొక్కటీ సరిచూశాను. నా మాట మీద నమ్మకం లేదా?”

“మీ మాట మీద ఉంది, మీ అంకెల మీదే లేదు. కాసేపట్లో పిల్లలొస్తారు. మూడో నెల, పద్నాలుగో తారీఖు. మూడు పాయింట్ ఒకటి నాలుగు. ఏడాదికి ఒక్కసారి వచ్చే రోజు. ఇవాళ కూడా ‘పై’ విలువ తప్పుగా వేలాడితే నేను క్లాసులో తలెత్తుకునేదెలా?”

“కాగితం గొలుసేగా టీచర్.”

“కాగితం గొలుసా? ఒకటికి తెలుపు, రెండుకి నీలం, మూడుకి ఎరుపు అంటూ అంకెకో రంగు పెట్టింది మీరే. రంగు మారితే అంకె మారుతుంది. అంకె మారితే ఇంక ఏ వృత్తమూ గుండ్రంగా ఉండదు.”

“అబ్బో! మన అటెండర్ గారి బట్టతల కూడానా?”

“నవ్వించకండి, నిచ్చెన ఊగుతుంది. ఇంతకీ ఆయన కొలవనిచ్చారా?”

“భేషుగ్గా! ఆరో తరగతి వాళ్ళు నిన్న దారం పట్టుకుని బడంతా తిరిగారు. బకెట్లు, టిఫిను డబ్బా మూతలు, ఆఖరికి బడి గంట, దేన్నీ వదల్లేదు. చుట్టూ కొలవడం, అడ్డంగా కొలవడం, భాగించడం. ఆయన తల దగ్గరికొచ్చేసరికి ఆయనే కుర్చీ లాక్కుని బుద్ధిగా కూర్చున్నారు.”

“ఎంతొచ్చింది?”

“మూడుంపావు.”

“మూడుంపావా? అయితే తల గుండ్రం కాదన్నమాట.”

“పిల్లలూ ఆ మాటే అన్నారు. పాపం, అప్పట్నుంచీ టోపీ తియ్యట్లేదు.”

“బాగుంది సంబడం. సరే, ఎరుపు దగ్గర్నుంచి చదవండి.”

“తప్పెక్కడుందో మీరే చెప్పెయ్యొచ్చుగా? పోనీ మీరే ఎక్కి చూపించండి.”

“నేను నిచ్చెనెక్కనని తెలుసుగా. రెండు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి నాకు. చదవండి.”

“చిత్తం. ఎరుపు, చుక్కకి బంగారు రంగు, తెలుపు, ఆకుపచ్చ... అవునూ, ఈ సున్నాకేమిటి అంత టెక్కు? గోధుమరంగు కాగితం ముందే కత్తిరించి పెట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ రాదే!”

“అది అంతే. అందరూ వచ్చాక తీరిగ్గా వస్తుంది, అచ్చం మీలాగే.”

“ఏమయ్యా గోందు మాస్టారూ, ఇంకా నిచ్చెన దిగలేదా?”

“హెడ్ మేడం! నమస్కారం మేడం. టీచర్ గారు దిగనివ్వట్లేదు.”

“వదిలెయ్యమ్మాయ్ ఆయన్ని. బదిలీ అడిగి వెళ్ళిపోతున్న మనిషితో ఇంకా చాకిరీ ఏమిటి? మాస్టారూ, పిల్లలు రాకముందే కాగితం మీద సంతకం చేసి పంపించేస్తాను. ఒకసారి నా చెయ్యి దాటిందంటే వెనక్కి తెప్పించడం నావల్ల కాదు. మనసు మారితే ఇప్పుడే చెప్పు.”

“మారేదేం లేదు మేడం.”

“నీ ఇష్టం నాయనా. పక్కగదిలోనే ఉంటాను.”

“చదవండి. ఆగారేం?”

“ఎక్కడున్నాం?”

“బదిలీ దగ్గర.”

“గొలుసులో, టీచర్.”

“గొలుసు ఎక్కడికీ పోదు. నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పేంత పెద్ద విషయమేం కాదు. కాస్త గాలి మార్పు.”

“ఈ హాలుకి ఎటు చూసినా కిటికీలే. గాలికి కొదవొచ్చిందా మీకు?”

“ఇంతకీ మీకెలా తెలిసింది?”

“నిన్న మధ్యాహ్నం మేడం చెప్పారు. ఆ తర్వాత నేను డబ్బా మూత కూడా తియ్యలేదు. అన్నం సహించలేదు.”

“అదేమిటి? ఇంట్లో శుభకార్యం పెట్టుకుని...”

“ఎవరింట్లో?”

“మీ ఇంట్లోనే. స్టాఫ్ రూములో మిఠాయి పంచింది మీరేగా! సంబంధం కుదిరిందన్నారు. నేను గుమ్మం దాకా వచ్చి, ఆ మాట విని, అట్నుంచటే వెళ్ళిపోయాను.”

“గుమ్మం దాకా వచ్చినవారు ఇంకో అడుగు లోపలికి వెయ్యొచ్చుగా. ఎవరికి కుదిరిందో కూడా వినపడేది.”

“ఎవరికి?”

“మా చెల్లికి.”

“చెల్లికా?”

“చెల్లికే.”

“మరి... అక్కయ్య ఉండగా?”

“అక్కయ్య లెక్క ఇంకా తేలలేదు. చదవండి.”

“ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఊదా... టీచర్, నిజంగా చెల్లికేనా?”

“ముందు నిచ్చెన గట్టిగా పట్టుకోండి. మీరు పడ్డారంటే గొలుసు తెగుతుంది.”

“మీ బెంగ గొలుసు గురించా!”

“మరింక దేని గురించనుకున్నారు? ఊదా తర్వాత?”

“నీలం. నీలం తర్వాత నారింజ.”

“బట్టీయం అప్పచెప్పకండి. చూసి చెప్పండి.”

“చూసే చెప్తున్నా. నీలం తర్వాత... గులాబీ?”

“గులాబీ అంటే ఎనిమిది. అక్కడ ఆరుండాలి. ఉందా తప్పు, లేదా?”

“ఉండకూడదే! నిన్న ఇంటికెళ్ళేముందు కూడా చూసుకున్నాను.”

“ఏటా తప్పు చేసేవారికి ఈ ఏడు అంత ధీమా ఏమిటో?”

“ఈ ఏడు చెయ్యాలనుకోలేదు కాబట్టి.”

“అంటే? మిగతా ఏళ్ళు చెయ్యాలని చేశారా?”

“అబ్బే, అలాగని కాదు... అదేంటంటే... కాస్త ఆ కత్తెర ఇలా అందిస్తారా?”

“మాట మార్చకండి.”

“తప్పు లేకపోతే మీరు వస్తారు, బాగుందంటారు, వెళ్ళిపోతారు. తప్పుంటేనే ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, పక్కన కూర్చుని, చీకటి పడేదాకా రంగులు లెక్కపెడతారు. చాలా? తిట్టండి ఇంక.”

“తిట్లు తర్వాత. మరి ఈ ఏడు ఎందుకు చెయ్యలేదు?”

“పెళ్ళి కుదిరిందనుకున్న మనిషిని చీకటిపడేదాకా కూర్చోబెట్టుకుంటే ఏం మర్యాద? వెళ్ళేముందు ఒక్కసారన్నా సరిగ్గా చేసిచ్చి పోదామనుకున్నాను. అంతే.”

“అంతేనా! అడగాలని మాత్రం తోచలేదు.”

“తోచింది. నోరు పెగల్లేదు.”

“సరే, ఆ గులాబీ విప్పండి ముందు.”

“విప్పుతున్నా... ఇదేంటి? ఇది గోందుతో అంటించింది కాదే! పిన్ను కొట్టి ఉంది.”

“అయితే ఏమైంది?”

“నేను పిన్నులు కొట్టను. నా బతుకంతా గోందేగా, పిల్లలు ఊరికే పెట్టారా ఆ పేరు?”

“ఏ పిల్లలో కొట్టుంటారు.”

“ఇంత ఎత్తునా?”

“ఈకాలం పిల్లలు పొడుగు.”

“స్టేప్లర్ ఉన్నది మీ టేబుల్ మీదొక్కటే టీచర్. దాన్ని మీరు హెడ్ మేడంకి కూడా అరువివ్వరు.”

“ఇస్తే పిన్నులన్నీ ఖాళీ చేసి పంపిస్తారావిడ.”

“అయితే ఇది...”

“మాస్టారూ! పెన్ను తీశాను. పెట్టేస్తున్నా సంతకం!”

“ఒక్క నిమిషం మేడం! ఒక్కటంటే ఒక్క నిమిషం! టీచర్... నిన్న సాయంత్రం నేను వెళ్ళాక ఈ నిచ్చెనెక్కింది ఎవరు?”

“ఏటా తప్పు మీరొక్కరే చెయ్యాలా? ఈసారి కళ్ళు మూసుకుని నేను చేశాను. ఇప్పుడు దిగి ఆ సంతకం ఆపుతారా, అదీ నేనే చెయ్యాలా?”