విమానాన్ని ఆపిన ఈల

పోలీస్ స్టేషన్ ఎదుట టీ కొట్టు బల్ల మీద బైకు మెకానిక్కు బాజా కూర్చున్నాడంటే టీ చల్లారుతుంది గానీ వాడి నోరు చల్లారదు. ఆ రోజు మాత్రం ఆ నోటితో వాడికి నిజంగానే అవసరం పడింది. కుర్రకారూ పోలీసులూ కలిసి పనిచేసే వాలంటీర్ల జట్టులో వాడితో కలిపి తొమ్మిది పేర్లే ఉన్నాయి. సాయంత్రంలోగా పదోది పడకపోతే జట్టు రద్దు. బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించడమంటే బాజాకి ప్రాణం. పదో పేరు తనదేనని దర్జీ అత్త కూతురు ఎగురుతోంది, అత్తేమో ససేమిరా అంటోంది. ఎప్పుడో ఆమె తమ్ముణ్ణి ఏ తప్పూ లేకుండా రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ ఆమె ఖాకీ గుడ్డ కుట్టడమే మానేసింది.

"భయమెందుకత్తా! నా మొదటి రోజు సంగతి చెప్తా విను," అని బాజా మెడలోని ఈల సవరించుకున్నాడు. "బడి ముందు నిలబడ్డానా, పిల్లలు దాటాలి, ఇసుక లారీ దూసుకొస్తోంది. ఒక్క ఈల వేశా. అంతే, ఆగింది!"

"బ్రేకు వేసుంటాడులే," అన్నాడు టీ కొట్టు బాబాయి.

"బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఇంజను ఆగిపోయింది బాబాయ్! లారీ వెనక బస్సు, బస్సు వెనక నలభై కార్లు, ఆ తర్వాత ఏమాగిందో చెప్పుకోండి చూద్దాం? రైలు!"

"రోడ్డు మీద రైలేంట్రా?"

"పట్టాల మీదే, రెండు మైళ్ల అవతల! అక్కడితో అయిందా? పైన విమానం, అదీ ఆగింది. ఒక పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, 'బాబూ, ఇక వెళ్లొచ్చా?' అంది. 'పిల్లలు దాటాలి, కాస్త ఆగమ్మా' అన్నా. కురుస్తున్న వాన కూడా సగం దారిలో ఆగిపోతే, చినుకుల కింద నుంచి పిల్లలు తల తడవకుండా దాటారు!"

అత్త కూతురు పగలబడి నవ్వింది. అత్త పెదవి కూడా కదిలింది. బాజాకి ఊపొచ్చేసింది. "అప్పుడు మా హెడ్డు కానిస్టేబుల్ మేడమ్ పరిగెత్తుకొచ్చి నాకు సెల్యూట్..."

"ఏ ఈల వేశావురా?" అని వెనక నుంచి గొంతు వినపడింది. టీ గ్లాసుతో హెడ్డు మేడమే! బాజా ఈలని గబుక్కున చొక్కాలోకి తోసేశాడు.

"మొదటి వారం నేనెవరికీ ఈల ఇవ్వనమ్మా," అందామె అత్తతో. "చెయ్యెత్తి బండి ఆపడం వచ్చాకే ఈల. వీడికి నిన్ననే ఇచ్చా. మొదటి రోజైతే వీడి చెయ్యే లేవలేదు. నేనే మోచెయ్యి పట్టుకుని ఎత్తాను, ఆరు రోజులు."

కొట్టంతా ఘొల్లుమంది. అత్త నవ్వలేదు. "ఎందుకు లేవలేదురా?"

"భయం అత్తా," అన్నాడు బాజా తలొంచుకుని. "లారీకి కాదు. మేడమ్ పక్కన నిలబడాలంటే."

అత్త మేడమ్ వైపు తిరిగింది. "మా పిల్ల చెయ్యీ లేవకపోతే?"

"లేచేదాకా పక్కనే ఉంటాను," అంది మేడమ్. "మీ తమ్ముడి సంగతి విన్నానమ్మా. అది మా తప్పే."

ఆ మాట ఎవరో ఒకరు అంటారని అత్త ఇన్నేళ్లూ ఎదురుచూసింది. కళ్లు తుడుచుకుని, బల్ల మీదున్న జట్టు పేర్ల కాగితం కూతురి ముందుకు జరిపింది. పిల్ల గబగబా సంతకం పెట్టేసింది.

"విమానం ఆపానంటే నమ్మలేదు గానీ, భయపడ్డానన్నావు చూడు, అది నమ్మానురా," అంది అత్త బాజాతో.

వాడికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఏడో రోజు సంగతి విను అత్తా! సూర్యుడు..."

దర్జీ అత్త చెయ్యి నిటారుగా లేచింది, అరచెయ్యి వాడి మొహానికి ఎదురుగా. బాజా టక్కున ఆగిపోయాడు.