నీరుగంటి సుంకమ్మ కొలత

సుంకమ్మని ఒగామె ఉండేదంట. నీరుగంటామె. నీరుగంటి అంటే ఇప్పటోల్లకు తెలీదులే, చెప్తా ఉండండి. చెరువు తూము ఎత్తేది, దించేది, కాలవెంబడి పొయ్యి ఎవురి మడికి ఎన్ని నీళ్ళు పారల్లో కొలిచి పారగట్టేది, అదీ నీరుగంటి పని. మొగోల్లే చేస్తాండిరి. ఆమె మొగుడు తిమ్మప్ప జరమొచ్చి పోతే ఊరంతా కూసోని, ఆడమనిసి తూముకాడ నిలబడితే చెరువులో నీళ్ళుంటాయా అని ఒకరు, ఉండకుంటే యాడికి పోతాయి, రెక్కలొచ్చి ఎగిరిపోతాయా అని ఇంగొకరు, ఒకటే కొట్లాట. తెల్లారి చూస్తే సుంకమ్మ తూముకాడుంది, కొంగు నడుముకు చెక్కుకోని, చేతిలో మొగుని నీరుగంటి కర్ర. ఇంగెవురేం చెప్తారు? అట్లా పదేండ్లు పారగట్టింది. పదేండ్లలో ఒక్క మడి ఎండలా, గెనెంకాడ, అదే మడిగట్టుకాడ, ఒక్కరూ తలకాయలు పగలగొట్టుకోలా. అదీ మనిసంటే.

నీళ్ళు దేంతో కొలుస్తాండిరంటే, ఒక రాగిగిన్నెతో. దాని అడుగున సన్న బెజ్జం. గంగాళం నిండా నీళ్ళు పోసి గిన్నెను మింద ఇడిస్తే, బెజ్జంలోనించి నీళ్ళు ఊరి ఊరి, గిన్నె నిండి బుడుంగుమని మునుగుతాది. అది ఒక మునక అనుకో. మునిగినేది తీసేది, నీళ్ళు పారబోసేది, మళ్ళా ఇడిసేది. ఎకరాకు ఆరు మునకలు. రెడ్డికైనా ఆరే, మాదిగోల్ల మడికైనా ఆరే. ఇంగొక కట్టుబాటుండేది. ఊరు నీరుగంటికి ఇచ్చే మాన్యం ఎప్పుడూ కాలవకు ఆఖర్న ఉండాల. సుంకమ్మది అరెకరా. అందరి మడులూ తడిసినాకనే ఆమెది తడవాల. మొదట్లో ఇస్తే ఏం చేస్తారో పెద్దలకు తెలుసు గదా. మీకిచ్చినా ఏం చేస్తారో నాకు తెలుసులే, నగొద్దండి.

ఒక యేడు ఏమైందంటే, వానలు మొకం చాటేసినాయి. చెరువు సగానికే నిండింది. ఎట్లనో ఈదుకుంటా వచ్చినారు, వరి పొట్టమింద ఉంది, ఇంగొక్క తడి పారితే గింజ చేతికొస్తాది. పారకుంటే గడ్డే. అప్పుడు సుంకమ్మ తూముకాడ దిగి, కర్ర ముంచి చూసి, లెక్కేసుకోని చెప్పింది. "అందరికీ ఒక తడి వస్తాది. మిగిలేది ఏం లేదు, తగ్గేది ఏం లేదు. ఆఖర్న నా అరెకరా తడిసేతలికి చెరువు ఎండుతాది" అనింది. ఆమె చెప్పిందంటే చెప్పినట్టే. ఊరంతా ఊపిరి పీల్చుకున్యారు. అందరికంటే ఎక్కువ కుళ్ళాయప్ప. ఆయప్పది ఆఖరి మడి, సుంకమ్మ మాన్యానికి పైది, రెండెకరాలు. ఇంట్లో ముసలి తల్లి, పెండ్లాం, ఆరుమంది పిల్లోల్లు. ఆ రెండెకరాలు పండితే తినేది, లేకుంటే మూటాముల్లె కట్టుకోని యాడికన్నా పొయ్యేది.

ఆఖరి తడికి ముందర గిన్నెకు పూజ చేసేది ఆ ఊరి ఆచారం. సుంకమ్మ ఒక్కపొద్దుండి, తెల్లారుజామునే తలకు పోసుకోని, గిన్నెకు పసుపు పూసింది. ప్రతిసారి పూసేదే. ఐతే ఆ యేడు కరువు గదా, ఆయమ్మకు భయం, భయముంటే భక్తి యాడలేనంత వస్తాది. పసుపులో గంధం అరగదీసి కలిపి, ముద్దముద్దగా, లోపలా బయటా, అడుగునా పూసి ఆరబెట్టి, దండం పెట్టుకోని గంగాళంలో ఇడిసింది. మొదటి వంతు బయపరెడ్డిది. ఊరిపెద్ద, తూముకాన్నే ఐదెకరాల మడి. ముప్పై మునకలు. గిన్నె తేలతాంది, తేలతాంది, మునగదే! ఏందబ్బా ఈ పొద్దు ఇట్ల మొరాయిస్తాంది అనుకునింది సుంకమ్మ. పొద్దు చూస్తామంటే ఆ దినమంతా మోడమే, సూర్యుడు కనపడలా. చినుకు మాత్రం పడలా, ఉత్త మోడం. కడుపులో మెతుకు లేదు గదా, ఆకలిమింద ఉంటే పొద్దుపోనట్టే ఉంటాది అని సర్దిచెప్పుకోని, మునకలు మాత్రం తప్పు లేకుండా ముప్పై లెక్కబెట్టింది. నీళ్ళల్లో నాని నాని పూత ఊడిపొయ్యేతలికి రెడ్డి వంతు అయిపోయింది. తక్కినోల్లకంతా సరిగ్గానే కొలిచింది.

నాలుగో దినం కుళ్ళాయప్ప మడిలోకి నీళ్ళు తిప్పే మడవ తెరుచుకోని, పార భుజానేసుకోని కాలవ పక్క చూస్తాండాడు. కాలవలో నీళ్ళు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆయప్ప మడవకాడికి రాకముందే నిలిచిపోయినాయి. పరిగెత్తుకుంటా కట్టకాడికి పోతే తూము నోరు తెరుచుకోనుంది. కింద బురద. "అక్కా, నా నీళ్ళు యాడికి పొయ్యినాయి? యారికి పోసినావు?" అని అరిచినాడు. ఆ మాట ఆమెను కొట్టినట్టయింది. పదేండ్లలో యారూ ఆమెను అట్లడగలా. కట్ట ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచింది, బొక్క లేదు, చెమ్మ లేదు. కాలవెంబడి నడిచింది, గండి లేదు. బయపరెడ్డి మడికాడికి వచ్చి నిలబడిపోయింది. ఊరందరి మడుల్లో మడమ మునిగేటన్ని నీళ్ళుంటే, రెడ్డి మడిలో మోకాటికింద నీళ్ళు! అప్పుడు తిరిగొచ్చి గిన్నె బోర్లించి చూసింది. బెజ్జం చుట్టూ ఇంకా సన్నగా, నెలవంక మాదిరి, పసుపు పెచ్చు కర్సుకోని ఉంది. అంతే, ఆన్నే కూలబడి, "నా చేతులారా చేసినా గదరా తండ్రీ" అని ఏడిసింది.

బయపరెడ్డి చెడ్డోడు కాదు. వచ్చి, సంగతి విని, మెల్లగా అన్నాడంట, "సుంకమ్మా, ఎండ్రకాయలు కట్టను తొలిచి నీళ్ళు కారిపొయ్యినాయని చెప్పు. చెరువన్నాక బొక్కలు పడవా? నేనూ చూసినానంటా. నీ పేరూ నిలబడతాది, కర్రా నీ చేతిలోనే ఉంటాది" అని. మంచి ఉపాయమే, ఏమంటారు? ఎండ్రకాయ వచ్చి సాక్ష్యం చెప్తాదా? ఆమె కండ్లు తుడుచుకోని, "రెడ్డీ, ఊరిని పిలిపించు" అనింది.

ఊరంతా కట్టమింద చేరింది. సుంకమ్మ గిన్నె తోమి గంగాళంలో ఇడిసి, "అందరూ లెక్కబెట్టండి" అనింది. పిల్లా జెల్లా ఒకటి రెండు మూడు అని అరుస్తాంటే ఆరునూర్లకు మునిగింది. మళ్ళా ఆ పొద్దు పూసినట్టే పసుపు గంధం పూసి, ఆరబెట్టి, ఇడిసింది. లెక్కబెట్టినారు, లెక్కబెట్టినారు, గొంతులు ఎండినాయి. తొమ్మిదినూర్లకు మునిగింది. అప్పుడామె, "కుళ్ళాయప్పా, ఎండ్రకాయ తప్పు లేదు, రెడ్డి తప్పు లేదు, దేవుని తప్పు అసలే లేదు. తప్పు నాది. ముప్పై మునకలకు నలభై ఐదు పారించినా. ఆ పదిహేనులో పన్నెండు నీవి, మూడు నావి. నావి నేనడగను. నీవి ఆ మడిలో ఉన్నాయి" అని, కర్ర తెచ్చి రెడ్డి కాళ్ళకాడ పెట్టింది.

రెడ్డి మొకం ఎర్రబడింది. ఊరి కట్టుబాటు ఏందంటే, ఒకసారి మడిలోకి ఎక్కిన నీళ్ళు మళ్ళా కాలవలోకి తియ్యకూడదు. ఆ కట్టుబాటు పెట్టినోల్లు రెడ్డి తాతముత్తాతలే. లేచి ఎల్లిపోయినాడు. అయిపోయింది కత అనుకున్యారు అందరూ. కుళ్ళాయప్ప మడిగట్టుమింద తల పట్టుకోని కూసున్యాడు. కొంచేపటికి కాళ్ళకు సల్లగా తగిలిందంట. చూస్తే కాలవలో నీళ్ళు! తూమేమో ఎండిపోయుండాది, ఈ నీళ్ళు యాడివి? పైకి పొయ్యి చూస్తే, బయపరెడ్డి పంచె ఎగ్గట్టి, తన మడిగట్టు తానే పారతో నరుకుతాండాడు. నరుకుతా, ఎవురూ అడక్కముందే అరుస్తాండాడంట, "కొలిచిచ్చిన నీళ్ళకురా ఆ కట్టుబాటు! కొలత తప్పిన నీళ్ళకు ఏ కట్టుబాటూ లేదు! చూస్తారేంది, దారి చెయ్యండి!" అని.

ఐతే నాలుగు దినాలకు మడి తాగింది తాగింది గదా, వచ్చినేవి కుళ్ళాయప్ప రెండెకరాలకు సరిపొయ్యినాయి, అంతే. ఆయప్ప సగం కాన్నే మడవ మూసి, "అక్కా, తక్కినేవి నీ అరెకరాకు పోనీ" అన్నాడు. సుంకమ్మ వంగి, రెండు చేతులా బురద తీసి, తన మడవ తానే మూసేసింది. "నీ పిల్లోల్ల కూడు నా మడిలో పారితే, అది నా గొంతు దిగుతాదా నాయనా" అనింది. ఆ యేడు ఊరంతా వరి కోసినారు. ఆమె గడ్డి కోసింది. ఆ గడ్డి కూడా తాలుగడ్డి.

కర్ర ఏమైందంటారా? కుప్పలు నూర్చినాక ఊరే పొయ్యి ఆమె గడపకాడ పెట్టి వచ్చింది. ఆడమనిసికి ఎట్లిస్తామని అప్పుడు అరిచినోల్లే ముందర నడిచినారంట. ఇంటికొక చేటెడు వడ్లు కూడా పోసినారు. అప్పటినించి ఆ ఊర్లో పూజ అయినాక చింతపండేసి గిన్నె తోమి, పది మందికి బెజ్జం చూపించినాకనే తూము ఎత్తేది.

నేనైతే అంటారా? ఎండ్రకాయ మింద తోసేసి, ఇంటికి పొయ్యి రెండు ముద్దలు సంగటి తిని పడుకోనుందు. ఆమె కాబట్టి నిలబడింది. ఇంగొక మాట చెప్తా. ఆమె కొలిచింది కాబట్టే తప్పు పట్టుకునింది. మనకిప్పుడు ఎవురి బోరు వాళ్ళది, ఎవురి మోటారు వాళ్ళది. ఎంత తోడినామో ఎవురన్నా కొలుస్తాండామా? నాకంటే నువ్వు నాలుగు గజాలు లోతుకు, నీకంటే నేను పది గజాలు లోతుకు. తప్పే లేని ఊరప్పా మనది! సరే, ల్యాయండి. ఏం నరసింహులూ, ఆ మోటారు సద్దు నీదే కదా? పొద్దున్నించి ఆడతానే ఉంది. నీ మడి నిండి దావమిందికి వస్తాండాయి నీళ్ళు, పో, పొయ్యి ఆపు.