ఏడువేల రెండొందల స్పీడు

చిన్న ముచ్చటే, టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు టీ కొట్టు అక్క సంగతి చెప్పాలి. ఆవిడ గ్లాసు నిండా పోసిన రోజు ఎవరికీ గుర్తులేదు. ఆ బల్ల మీదే కూర్చునే దర్జీ, ప్యాంటు రేపు ఇస్తానంటాడు. ఆ రేపు ఏ సంవత్సరంలోదో మనమే కనుక్కోవాలి. సరే, అసలు మనిషి బడాయి బాబాయి, రిటైరైన బస్సు కండక్టరు.

ఓ సాయంత్రం ఆయన తన కూతురి కొత్త కంప్యూటర్ గురించి మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. కంప్యూటర్ కొన్నప్పుడే సొంతంగా మొదటి పని దొరికింది, ఒక ఇంటి ప్లాను. సోమవారానికి ఇవ్వకపోతే చేజారిపోయేదే.

“అందులో వేసే మెమరీ నేనే ఎంచానర్రా. షాపువాడు ఆరువేల స్పీడు చాలన్నాడు. ముప్పై ఏళ్లు రైట్ రైట్ అన్న నోరు, ఆరువేలకి ఊరుకుంటుందా? ఏడువేల రెండొందలది తీయించి, ఆ స్పీడుకే పెట్టించాను.”

“నడిచిందా?” అన్నాడు దర్జీ.

“నడవడమా! అమ్మాయి మౌస్ ముట్టుకునేలోపే కింది అంతస్తు లేచింది. ఆగవే తల్లీ అనేలోపు మేడ మీద మేడ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఇల్లు కట్టించుకునే ఆయన ఫోన్ చేసి మూడు గదులు చాలన్నాడు. ఇక్కడ నాలుగు గదుల కాగితం ప్రింటై ఉంది! ఫోన్ పెట్టేసి మళ్లీ చేశాడు, నాలుగు కావాలని!”

“నయం, అద్దెకి కూడా ఇచ్చేయలేదు,” అంది అక్క.

“నవ్వకమ్మా. మర్నాడు రావలసిన ఉత్తరం ముందురోజే వచ్చింది. దాని జవాబు అంతకు ముందురోజే వెళ్లిపోయింది. గోడ గడియారం సిగ్గుపడి...”

 జేబులో స్క్రూడ్రైవర్‌తో కంప్యూటర్ల రిపేరు ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“బాబాయ్, అమ్మాయి కంప్యూటర్ మళ్లీ మొరాయించలేదు కదా?”

“మళ్లీనా?” దర్జీ ముందుకు వంగాడు.

“మొదట అసలు లేవనే లేదుగా. దాని మదర్‌బోర్డు ఆ స్పీడు మోయలేదు. మూడు వారాల కిందట శనివారం భుజాన వేసుకొచ్చారు. ఆరువేలకి దించాను, లేచింది.”

బాబాయి కళ్ల ముందు ఆ శనివారం కదిలింది. కూతురు నల్లటి స్క్రీన్ ముందు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. కంప్యూటర్ లేచాక తాను సిగ్గుతో దాన్ని ఎత్తుకుని వచ్చేశాడే తప్ప ఆ మనిషికి మంచిమాట ఒకటి చెప్పలేదు. మూడు వారాలుగా ఆ రిపేరు షాపున్న వీధిలో నడవడమే మానేశాడు.

అందరూ ఈసారి ఏం కోతలు కోస్తాడా అని చూస్తున్నారు. బాబాయి తన గ్లాసు తీసి రిపేరు ఆయన చేతిలో పెట్టాడు.

“పని దక్కింది నాయనా. రెండోది కూడా వచ్చింది. అంతా నీ చలవే. ఆ రోజే చెప్పాల్సింది.”

అక్క ఇంకో గ్లాసు నిండా పోసింది.

మర్నాడు సాయంత్రం బాబాయి అదే బల్ల మీద అదే కథ చెప్పాడు. రిపేరు ఆయన చెయ్యి పడగానే ఆరువేల స్పీడుకే వీధి దీపాలన్నీ పట్టపగలు వెలిగాయట, దర్జీ కుట్టాల్సిన ప్యాంటు కూడా అప్పటికప్పుడు తయారైందట. ఆ కథలో బాబాయి ఎక్కడా లేడు.