సాకు లేదన్న జపానాయప్ప

"తాతా, ఆ జపానాయప్ప కారు నీ గొర్రెకి తగిలిన సంగతి చెప్పు."

మళ్లీనా? నువ్వు జపాను బాస నేర్చుకుంటాండావు కదా, క్లాసులో చెప్పుకుంటావేమో, విను. పోయిన ఎండాకాలం... కాదు కాదు, ఈ ఏడాదే, ఉగాది అయిపోయి అప్పటికి నెల కూడా కాలా. సోమందేపల్లె దగ్గర గొర్రెల్ని హైవే దాటిస్తాండా. ఒక కారొచ్చి సూడి గొర్రెకి తగిలె. కాలు విరిగి అరుస్తాండాది, పాపం. మా నాయన కాలంలో నూరు రూపాయలకి జత వస్తాండె, ఇప్పుడొస్తాదా? అదట్లుండనీ, పిల్లప్పట్నుంచి నా చేత్తో పెంచినా దాన్ని. కడుపు మండిపాయ.

నా నోరు నీకి తెల్సు కదా, ఎత్తుకున్నా తిట్లు! డ్రైవరు మనోడే, దిగీ దిగకముందే మొదలుపెట్టినాడు. గొర్రె అడ్డమొచ్చె, ఎండ కంట్లో పడె, బ్రేకు సరిగా పడలా అని. నేను కట్టె ఎత్తినా. అంతలో వెనక సీట్లోంచి ఆయప్ప దిగినాడు, సన్నగా, మా చిన్నోని వయసుంటాది. నా ముందరికొచ్చి సగానికి వంగినాడు.

కాళ్లు మొక్కుతాండాడనుకున్నా పాపా! పెద్దోళ్లం, మొక్కితే ఊరికే ఉంటామా? తిట్టే నోటితోనే "నూరేండ్లు చల్లగా ఉండు నాయనా" అని తలమీద చెయ్యి పెట్టేసినా. దీవించినాక మళ్లీ తిట్టేదెట్ల, నువ్వే చెప్పు? కట్టె కిందేసినా. డ్రైవరు నగు పట్టలేక కారు వెనక్కి పోయినాడు.

ఆయప్ప మాత్రం లేయలా. వంగినోడు వంగినట్లే ఏందో మెల్లగా చెప్తాండాడు. వాళ్ల మాట మనకి చెప్పే పాప ఒకామె వెంట ఉండె. "ఏమంటాండాడమ్మా?" అంటి.

"చెప్పుకునేదానికి సాకు లేదంటాండాడు తాతా. వాళ్ల బాసలో పెద్ద తప్పుకి క్షమాపణంటే అదే మాట" అనె.

గుండె కరిగిపాయ. డెబ్బై దాటినాయి నాకి. ఇత్తనాలు మొలవకుంటే అంగడోనికి సాకుండాది, బోర్లో నీళ్లు పడకుంటే బోరేసినోనికి సాకుండాది, ఆఖరికి వానకి కూడా ఏదో ఒక సాకుండాది. కార్లో తిరిగేటోడు నా ముందర సాకు లేదనింది అదే మొదలు. ఏడుపొచ్చె, అబద్ధమెందుకు.

గొర్రెని ఆ కార్లోనే పశువులాస్పత్రికి తీస్కపోతిమి, దాని తల ఆయప్ప ఒళ్లోనే. కుంటుతాండాది గానీ, జత పిల్లల్ని ఈనె.

బాగా నేర్చుకో ఆ బాస. తప్పు చేయకుండా ఎవురుంటారు పాపా? చేసిననాడు ఆ మాట నీకి తడుముకోకుండా రావాల. అదే నా దీవెన, పో.