ప్రభావతి టీచరుగారు ఆగనివ్వలేదు

అయ్యలారా, అమ్మలారా, టీచరుగారి కుటుంబ సభ్యులారా,

ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, కొల్లేటి లంకల నుంచి ఇంతమంది వచ్చారు. ప్రభావతి టీచరుగారు ఇక లేరన్న బాధతోనే వచ్చాం. కానీ ఒక్కసారి చుట్టూ చూడండి. ఆవిడ మాట విని చూపు దక్కించుకున్నవాళ్లు ప్రతి వరుసలోనూ ఉన్నారు. నేనూ ఒకణ్ణి. నా పేరు వెంకట్రాజు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తాను.

ఆవిడ కుడికన్ను ఎలా పోయిందో కొందరికి తెలియకపోవచ్చు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో ఆ కంటి మూల మెరుపులు మెరిశాయి. నల్లటి చుక్కలు తేలాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. పిల్లల పరీక్షలయ్యాక చూపించుకుందామనుకున్నారు. ఈలోపే పక్క నుంచి ఒక నీడ తెరలా కమ్ముకొచ్చింది. కంటి వెనకుండే రెటీనా పొర ఊడిపోయింది. ఆపరేషన్ చేసినా చూపు రాలేదు.

మరొకరైతే ఏం చేసేవారు? ఇంట్లో కూర్చునేవారు. ఆవిడ బయల్దేరారు. చర్చికి వెళ్లారు, చేపల మార్కెట్‌కి వెళ్లారు, పెన్షనర్ల సమావేశాలకు వెళ్లారు. మైకు ఇస్తే మైకులో, ఇవ్వకపోతే గొంతెత్తి చెప్పారు. "మెరుపులు కనిపించినా, చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, నీడ అడ్డొచ్చినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. నేను ఆగాను, చూడండి" అనేవారు.

ఒకసారి మా చెరువులో చేపల పట్టుబడి. వలలు దిగాయి, లారీ వచ్చి నిలబడింది. నా ఎడమకంట్లో మసి చల్లినట్టు చుక్కలు. టీచరుగారికి ఫోన్ చేసి, పట్టుబడి అవగానే వెళ్తానన్నాను. "చేపలు రేపూ చెరువులోనే ఉంటాయండీ వెంకట్రాజుగారూ. చూపు ఉంటుందో లేదో చెప్పలేమండి. మీరు బయల్దేరతారా, నన్నే కారు మాట్లాడుకుని రమ్మంటారా?" అన్నారు. బయల్దేరాను. రెటీనా చిరిగింది, ఇంకా ఊడలేదు. ఆ సాయంత్రమే చిరుగు చుట్టూ లేజర్ చేశారు. ఈ రోజు మీ ముఖాలన్నీ నాకు రెండు కళ్లతోనూ కనిపిస్తున్నాయి.

తర్వాత ఆవిడకు మిగిలిన కంట్లోనూ ఆ మెరుపులు వచ్చాయి. తాడేపల్లిగూడెంలో చెల్లెలి మనవరాలి పెళ్లి. అప్పుడే భోజనానికి కూర్చున్నారు. చెల్లెలు స్టెల్లాగారు "తిన్నాక వెళ్దువుగాని అక్కా" అన్నారట. "నాకున్నది ఒక్కటే కదమ్మా" అని లేచి, తిన్నగా ఆస్పత్రికి వెళ్లారు. అక్కడా చిరుగే, అక్కడా లేజరే. ఆ కన్ను నిలిచింది. గుండె ఆగిన రోజు ఉదయం కూడా ఆ కంటితోనే బైబిల్ చదువుకున్నారు. మరి ఆ జబ్బు గెలిచిందా, ఆవిడ గెలిచారాండీ?

అందుకే గర్వంగా లేద్దాం. దయచేసి అందరూ నిలబడండి. కళ్లు మూసుకోనక్కర్లేదు, తెరిచే ఉంచండి. టీచరుగారి ఫొటో చూస్తూ కాసేపు మౌనంగా ఉందాం.