నాలుగు రంగుల చేతులు

ఆదివారం పొద్దున్నే ఒక ప్రింటింగ్ ప్రెస్ మెషీన్‌మాన్, కూతుర్ని చూసి పోదామని విడాకులైన భార్య గుమ్మం ముందు నిలబడ్డాడు.

"లోపలికి రమ్మనవా?"

"పాప స్నానం చేస్తోంది. ముందు మీ చేతిలో ఆ కాగితమేంటో చెప్పండి."

"ఏం లేదు, కోర్టుది. పాప ఖర్చులకి ఇవ్వాల్సిందానికి గడువిస్తున్నానని నువ్వో సంతకం... లేకపోతే వారెంటు తప్పదన్నాడు ప్లీడరు."

"ఇప్పటికే నాలుగు నెలలు ఆపారు."

"ఆపలేదు, ఆగింది."

"మాటలకేం తక్కువ లేదు! దాని ఫీజుకి నేనెవరి కాళ్ళు పట్టుకోను?"

"ప్రెస్సులో జీతాలు లేటవుతున్నాయి, అంతే. వచ్చే నెల..."

"ప్రెస్సులో."

"ఆఁ, ప్రెస్సులోనే."

"తాళం పడ్డ ప్రెస్సులో జీతాలు లేటవక ఏమవుతాయి?"

"...ఎవరు చెప్పారు?"

"చేతులు చూపించండి."

"ఎందుకూ?"

"చూపించండీ! పని లేని చేతులకి ఈ సిరా ఎక్కడిది?"

"పూసుకున్నా. స్టాంపు ప్యాడు మీద రుద్దుకుని వచ్చా. చాలా? నవ్వుకో. నేను రాగానే అది ముందు నా వేళ్ళే చూస్తుంది. శుభ్రంగా ఉంటే ఏం చెప్పను? నాన్న తొక్కని గడప లేదు, పనిలో పెట్టుకునేవాడు లేడని చెప్పనా? నన్ను జైల్లో వేయించు, ఏమైనా చెయ్యి, దానికి మాత్రం తెలియనివ్వకు."

"నాకు చెప్పిందే పాప."

"ఏంటీ?"

"'నాన్న చేతులకి ఇదివరకు నాలుగు రంగులుండేవమ్మా, ఇప్పుడు ఒక్క నీలమే ఉంటోంది' అంది. మూడు నెలల కిందట. నేనే నమ్మలేదు. వెళ్ళి చూస్తే తాళం."

"మూడు నెలలా! మరి నాతో ఒక్క ముక్క..."

"మీ కూతురే కదా. దాచడం మీ దగ్గరే నేర్చుకుంది."

"ఏడ్చిందా?"

"ఏడిస్తే బాగుండు. ఇదిగో, నిన్న తెచ్చి నా చేతిలో పెట్టింది. బడివాళ్ళ ఫీజు మాఫీ ఫారం. అంతా తనే నింపింది."

"రాత ముత్యాల్లా ఉంది... తండ్రి వృత్తి అన్నచోట..."

"చదవండి."

"'చనిపోయారు'."

"తండ్రి లేని పిల్లలకి మొత్తం మాఫీ అట. 'ఇంక నాన్నని ఎవరూ అడగక్కర్లేదు కదమ్మా' అంది. కింద నా సంతకానికి చోటు వదిలింది."

"నువ్వు సంతకం పెట్టావా?"

"మీదొక కాగితం, దానిదొక కాగితం. చెప్పండి, దేని మీద పెట్టమంటారు?"