మంచమంత తాండ్ర

“నమ్మనోడెవడైనా ఉంటే ఇప్పుడే లెగిసి ఎల్లిపోండి. కత మజ్జిలో లెగిస్తే మాత్రం నాను ఊరుకోను,” అన్నాడు కూర్మనాథం, బల్ల మీద ఒక కాలు మడిచి, ఖాళీ టీ గ్లాసుని మైకులా పట్టుకుని.

గరివిడి స్టేషన్ ఎదురుగా జగ్గమ్మ టీకొట్లో ఎవరూ లేవలేదు. బయట వాన దంచి కొడుతోంది, లేచినా వెళ్లడానికి దారి లేదు. కూర్మనాథం కథ మొదలెట్టేది ఎప్పుడూ ఇలాంటి అదను చూసుకునే. కరెంటాఫీసులో లైన్‌మేన్‌గా రిటైరయ్యాక ఆయనకి స్తంభాలెక్కే పని తప్పింది గానీ ఎక్కే అలవాటు పోలేదు. ఇప్పుడు మాటలు పట్టుకుని ఎక్కుతున్నాడు. ఒకసారి ఎక్కాడంటే జిల్లాలో ఏ నిచ్చెనా ఆయన్ని దింపలేదు.

అయితే ఈ పూట ఆయన ఎక్కడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం బల్ల చివర్న, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు నీలవేణి. తమ వీధి ఆడవాళ్లని నలుగురిని పోగేసి, ఎండాకాలమంతా మామిడి రసం చాపల మీద పొర మీద పొర పోసి, తాండ్ర ఎండబెట్టే మనిషి. ఏటా సరుకంతా ఎత్తుకుపోయే విజయనగరం షావుకారు ఈసారి కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి పోయాడు. తాండ్ర డబ్బాల్లో ఉండిపోయింది. వానలు వచ్చేశాయి. తేమ తగిలిందంటే బూజు, బూజు పట్టిందంటే గేదెల తొట్టే గతి. వచ్చే ఏడు చాపలు పరుస్తామా లేదా అని ఆ నలుగురు ఆడవాళ్లూ రోజూ ఆమె మొహమే చూస్తున్నారు.

మండలాఫీసుకి అనూరాధ మేడం అని ఒకావిడ వచ్చి, చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకి, వ్యాపారస్తులూ ఉద్యోగస్తులూ ఒకళ్లనొకళ్లు పరిచయం చేసుకునే సైటు ఒకటి ఫోన్లో ఎలా వాడుకోవాలో నేర్పింది. ఊళ్లో దాన్ని అందరూ కనెక్షన్ల సైటు అంటారు. నీలవేణి అందులో చేరింది. విశాఖపట్నంలో ఒక హోటళ్ల కంపెనీకి సరుకులు కొనే మనిషిని వెతికి పట్టుకుంది. ఆయన చదువు గరివిడి బళ్లోనే అని అక్కడ రాసి ఉంది కూడా. ఆయనకి నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంది. పంపే బొత్తాం నొక్కడమే మిగిలింది. అదే ఆమె వల్ల కావడం లేదు. బొటనవేలు బొత్తాం దాకా వెళుతుంది, నిప్పు తగిలినట్టు వెనక్కొస్తుంది, ఫోన్ సంచిలోకి పోతుంది. ఇదంతా ఆమె జగ్గమ్మకి చెవిలో చెప్పుకుంటుంటే, కూర్మనాథం వానని చూస్తున్నట్టు నటిస్తూ మొత్తం విన్నాడు.

నొక్కీ అమ్మా అని ఒక్క ముక్క అనేస్తే సరిపోదా అంటే సరిపోదు. స్తంభం మీద బిగుసుకుపోయిన కొత్తవాడికి కింద నుంచి భయపడకు అని అరిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. ఇంకేదో కబుర్లో పెట్టాలి. మనసు కబుర్లోకి పోతే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. ఈ సంగతి కూర్మనాథం కన్నా బాగా ఎరిగినవాడు ఉత్తరాంధ్రలో లేడు. ఇది మాత్రం కోత కాదు.

“కనెక్షనంటే నన్నడగండి,” అన్నాడు. “ఆ పెద్ద తుఫాను ఎల్లిన తరవాత ఊరంతా సీకటైపోతే, స్టేషను ఎనకాల ఈదికి నాను ఒక్కడినే, కూలిపోయిన కొబ్బరిసెట్టుని మళ్లీ నిలబెట్టి, దానికి తీగ కట్టి లైటేసీసినాను. పరీచ్చకి సదువుకుంతన్న గుంటడొకడు ఎలుగు సూసి గెంతులేసీసినాడు. ఆడి తల్లి నాకు తాండ్ర ఎట్టినాది. ఎంతనుకున్నారు? మంచమంత. కూకొని తినలేక దాని మీదే తొంగొని తిన్నాను.”

ఆటో గంగులు టీ పొలమారి దగ్గాడు. “ఆ తుఫానుకి పై జిల్లాల నుంచి గేంగులొచ్చి స్తంభాలేసినారు కదా మావా.”

“ఆళ్లకి గరివిడి దారి సూపించింది ఎవడనుకున్నావురా?”

అది పాత రకం కనెక్షన్ అని, ఇప్పుడు కొత్త రకం వచ్చిందని, దానికీ స్తంభాలూ తీగలూ ఉంటాయి గానీ కంటికి కనపడవని, వాటి మీద కూడా తానే ముందెక్కానని చెప్పుకొచ్చాడు. శ్రీముఖలింగంలో ఉన్న వాళ్ల అక్క లక్ష్మణమ్మ, ఆయన పిలుపులో అప్ప, ఒక ఏడు కాస్త తాండ్ర పెట్టి, ఎవరికివ్వాలో తెలియక కూర్చుంటే, అప్ప కళ్లల్లో నీళ్లు చూడలేక తాను ఆ సైటులో చేరాడట. చేరి చూస్తే ఏముంది, ఒకడి మొహం చోట గులాబీ పువ్వు, ఒకడి మొహం చోట సినిమా హీరో, ఒకామె మొహం చోట మామిడిపండు.

మామిడిపండు అన్నప్పుడు ఆయన కావాలనే రైలు పట్టాల వైపు చూశాడు. నీలవేణి తల వంచుకుంది.

“మొహం దాసుకున్నోడితో బేరమేటి, మీరే సెప్పండి. నాను నా మొహమే ఎట్టినాను, నెత్తి మీద లైన్‌మేన్ టోపీతో సహా. కింద ఏటి రాయించినాను? మహా మేధావి, అనుభవశాలి, అలాంటియ్యేవీ నేదు. తాండ్ర అమ్ముతాను, అంతే. సూసినోడికి అరక్షణంలో తెలిసిపోవాల. ఆ మొహం సూసి శ్రీకాకుళంలో పెళ్లోళ్లు విందుకి తాండ్ర పట్టుకెల్లినారు. నమ్ముతారా నమ్మరా?”

ఇంతవరకూ అయితే నమ్మొచ్చని జగ్గమ్మ ఒప్పుకుంది. బల్ల చివర్న ఏదో తళుక్కుమంది. గంగులు మెరుపనుకుని చెవులు మూసుకున్నాడు. మెరుపు కాదు. నీలవేణి చెంగుతో మొహం తుడుచుకుని తన ఫోటో తానే తీసుకుంది. ఒక నిమిషం దాన్ని చూసుకుంది. మామిడిపండు తీసేసి ఆ చోట తన మొహం పెట్టింది. తరవాత ఫోన్ మళ్లీ సంచిలో పెట్టేసింది.

కూర్మనాథం ఖాళీ గ్లాసు రెండో చేతికి మార్చుకున్నాడు. పెళ్లి విందు చాలలేదన్నమాట. ఇంకాస్త పైకెక్కాలి.

“ఆ తరవాత ఏటైనాదో తెల్సా?” అని గొంతు సవరించుకుని, విశాఖ రేవులో ఓడలకి సరుకులు ఎక్కించే ఒక పెద్దమనిషికి తాను రాసిన కబురెత్తాడు. అందరూ ఆయనకి గౌరవనీయులైన అయ్యగారికి నమస్కరించి వ్రాయునది అని ఒకటే రాత రాస్తారట, ఎక్కడో చూసి ఎత్తి రాసుకున్నది. అవి చదివీ చదివీ ఆయనకి కళ్లు మూతలు పడిపోయాయట.

“నాను మాత్రం ఎదురుగా మనిషి కూకున్నట్టు రాసినాను. బాబూ, మాది గరివిడి, నీదీ ఈ పక్కేనని ఇన్నాను, ఇప్పుడు జగ్గమ్మ కొట్లో కూకొని రాస్తన్నాను, ఇక్కడ వాన పడతన్నాది, అక్కడేటి సంగతి, అని. కొను అనలేదు. దయ సూపించు అని అసలే అనలేదు. ఇది సేస్తాం, ఇలాగుంటాది, రుసి సూస్తావా అన్నాను. సరుకు మంచిదైనప్పుడు మనం అడుక్కోడమేటి? ఆ ముక్క సూసి ఆయనకి నిద్ర మత్తు ఒదిలిపోనాది. ఓడ నిండా తాండ్ర ఎక్కించీమన్నాడు.”

ఎక్కించారు. ఓడ జపాన్ వెళుతోంది. కళింగపట్నం దాటగానే ఓడ అడుగున చిల్లి పడింది. కెప్టెన్ ఏడుపు మొదలెట్టాడు. వెంటనే సైటులో కూర్మనాథాన్ని అడిగారు. ఒక తాండ్ర చాప తీసి చిల్లికి అతికించమని ఆయన సలహా ఇచ్చాడు. అతికించారు. సముద్రమే చిన్నబుచ్చుకుని వెనక్కి తగ్గింది.

“చిల్లి మూసుకున్నాది బాగానే ఉన్నాది, కానీ తాండ్ర తీపి నీళ్లలోకి దిగినాది కదా? బంగాళాఖాతంలో సేపలన్నీ ఆ ఓడ ఎనకాతలే నాకుకుంటా జపాను ఎల్లిపోనాయి. అక్కడోళ్లు వల కూడా ఎయ్యలేదు, బుట్టలతో తోడుకున్నారు. నాకు దండాలెడతా ఉత్తరం రాసినారు.”

“అందుకేనేటి ఆ మజ్జిన సేపలు దొరకలేదు?” అంది జగ్గమ్మ, పాలు కలుపుతూ.

“మరేటనుకున్నావు? పనైపోనాక ఆ రేవు పెద్దమనిషికి మర్సిపోకుండా మంచి మాట ఒకటి రాసినాను. బేరం అయిపోతే మనిషి అయిపోడు కదా.”

ఓరకంటితో చూశాడు. నీలవేణి ఫోన్ చేతిలో ఉంది. పెదాలు కదుపుతూ ఏదో చెరిపేస్తోంది, మళ్లీ కొడుతోంది, ఆగుతోంది, మధ్యలో తనలో తాను నవ్వుకుంటోంది. చేపలకి నవ్విందా, రాస్తున్నదానికి నవ్విందా తెలియలేదు. ఇంతలో ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టేసి, టీ గ్లాసు అందుకుని వానలోకి చూడటం మొదలుపెట్టింది.

అయిపోయింది, మళ్లీ భయపడింది అనుకున్నాడు కూర్మనాథం. ఓడ చాలలేదు, జపాన్ చాలలేదు. ఇక భూమ్మీద పని కాదు.

“ఆ సైటులో మనిషి పేరు పక్కన కనెక్షన్లు ఎన్నో ఏస్తారు. అయిదొందలు దాటితే ఇంక లెక్కెట్టరు, పక్కన కూడిక గుర్తెట్టి ఒదిలేస్తారు. ఎందుకో తెల్సా? నావల్లే. నాకొచ్చిన కనెక్షన్లు లెక్కెట్టలేక ఆళ్ల లెక్కల యంత్రం మాడిపోనాది. అక్కడితో ఆగినాదా? ఆ సైటుకి ఆకాశంలో ఉపగ్రహం ఒకటున్నాది. దానికి ఎండని కరెంటు సేసే పలక ఉంటాది. నా కనెక్షన్ల బరువుకి ఆ పలక కాస్తా పగిలిపోనాది. పెపంచమంతా సైటు ఆగిపోనాది. ఆళ్ల దొర నాకే ఫోన్ సేసినాడు. కూర్మనాథం గారూ, తమరు లైన్‌మేన్ అంట, తమరే దిక్కు, అన్నాడు. నానేటి సేసినాను? మా అప్ప తాండ్ర ఒక సాప పైకి పంపీసినాను. ఏసవంతా పొర మీద పొర ఎండ తాగినాది అది. దానికన్నా ఎండనెరిగిన వస్తువు ఏటున్నాది? పలక సోట్లో దాన్ని అతికించినారు. ఇప్పుడా సైటు నడస్తన్నది మా తాండ్ర కరెంటు మీదే.”

గంగులు వాన కురుస్తున్న ఆకాశం వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. “చీమలు పట్టలేదేటి మావా?”

“అంత పైకెక్కడానికి చీమలకి స్తంభముండాల కదరా. స్తంభమెయ్యడానికి నాను రిటైరైపోనాను.”

సరిగ్గా అప్పుడే కూర్మనాథం చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన చెయ్యి పోయేలోగా జగ్గమ్మ చెయ్యి పోయింది. ఫోన్ తీసి బల్ల మధ్యలో అందరికీ కనపడేలా పెట్టింది. బొత్తాల ఫోన్. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

“బావా,” అంది జగ్గమ్మ, “దొర ఫోన్ సేసినాది దీనికేనా? అయిదొందల మందీ దీన్లోనే ఉన్నారేటి? దీన్లో పాము ఆట తప్ప ఏటీ నేదు కదా. మండలాఫీసులో ఫేను బాగుసెయ్యడానికి నిచ్చెనెక్కి, ఫేను తిరుగుతున్నా నువ్వు దిగలేదు. అనూరాధమ్మ సెప్పిందంతా నిచ్చెన మీద కూకొని ఇన్నావు. అదీ నీ సైటు.”

నవ్వులకి వాన చప్పుడు వినపడలేదు. గంగులు బల్ల మీద చరుస్తున్నాడు. కూర్మనాథం ఫోన్ కట్టేసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. నవ్వితే నవ్వారు, అది ఆయనకి కొత్త కాదు. కానీ ఇంత ఎక్కీ ఆ పిల్ల చేత ఒక్క బొత్తాం నొక్కించలేకపోయాను కదా అని నీలవేణి వైపు చూశాడు.

ఆమె కూడా నవ్వుతోంది. కళ్లు తుడుచుకుంటూ అంది, “నాను పంపీసాను మావా.”

“ఎప్పుడు?”

“సేపలు జపానెల్లినప్పుడు.”

“మరి అప్పుడే సెప్పకూడదేటమ్మా? నన్ను ఉపగ్రహం దాకా ఎక్కించినావు.”

ఏం రాశావని జగ్గమ్మ అడిగితే, ముందు రాసుకున్న గౌరవనీయులైన అయ్యగారిని చెరిపేశానని చెప్పి చదివింది. తన పేరు నీలవేణి అని, తాండ్ర చేస్తామని, ఆయన చదివిన బడి గోడకి ఈ మధ్యే కొత్త రంగు వేశారని, గరివిడి స్టేషన్ ఎదురుగా కూర్చుని రాస్తున్నానని, పక్కన లైన్‌మేన్ కూర్మనాథం మావ కోతలు కోస్తుంటే నవ్వాపుకుని రాస్తున్నానని, మా తాండ్ర రుచి చూస్తారా అని.

కోతలు అన్న మాట దగ్గర కూర్మనాథం మొహం చిట్లించాడు గానీ, తన పేరు విశాఖపట్నం వెళ్లినందుకు ఊరుకున్నాడు.

వాన తగ్గింది. గంగులు ఆటో తుడుచుకోవడానికి లేచాడు. నీలవేణి ఒళ్లో ఫోన్ గుర్రుమంది. ఆమె చూసింది. మళ్లీ చూసింది. ఫోన్ తిప్పి జగ్గమ్మకి చూపించబోయి, జగ్గమ్మకి కళ్లజోడు లేదని గుర్తొచ్చి, తానే గట్టిగా చదివింది.

“నీలవేణి గారూ, నమూనా పంపండి. మా వంటవాళ్లకి రుచి చూపించి, ఏ సంగతీ నేనే ఫోన్ చేసి చెబుతాను. కూర్మనాథం మావ ఇంకా కోస్తున్నాడా? తుఫాను తర్వాత స్టేషన్ వెనక మా వీధికి మొదటి లైటు ఆయనే వేశాడు. ఆ వెలుగులో చదివే నేను పరీక్ష రాశాను. ఆ రోజు ఇంట్లో ఇంకేమీ లేక మా అమ్మ ఆయనకి అగ్గిపెట్టంత తాండ్ర ముక్క పెట్టింది. అడిగానని చెప్పండి.”

నీలవేణి లేచి, ఇప్పుడే ఇంటికెళ్లి మంచి డబ్బా ఒకటి తీయాలని, ఆ నలుగురికీ కబురు చెప్పాలని, సంచి భుజాన వేసుకుంది. ఈసారి ఫోన్ సంచిలో పెట్టలేదు.

గంగులు మాత్రం ఆటో దగ్గర నుంచి వెనక్కొచ్చాడు. “అగ్గిపెట్టంత ముక్క అంతన్నాడు కదా మావా. నువ్వు మంచమంత అన్నావు.”

కూర్మనాథం గ్లాసు మళ్లీ మైకులా ఎత్తాడు.

“అప్పట్లో అగ్గిపెట్టెలు మంచమంత ఉండేవిరా. నమ్మకపోతే ఆ బాబునే అడుగు. ఆ గుంటడి పేరేటమ్మా?”

నీలవేణి గుమ్మంలో ఆగి, ఫోన్ చూసి చెప్పింది.

“ధర్మేంద్ర.”